అరచేతి పూచీ

మొదట్లో ఆల్వార్ నూర్‌లింగ్ చేతిలో ఉన్నవి ఇవి: వెనక తలుపు సరిగ్గా పడని ఒక లారీ, యూస్‌డాల్ ఊరికి ఉత్తరాన రోడ్డు పక్కన అద్దెకు తీసుకున్న పాత పశువుల కొట్టం, మైకు లేకపోయినా పెరడు చివరిదాకా వినపడే గొంతు, ఒక కుడి అరచెయ్యి. లారీ ఎవడైనా కొనుక్కోవచ్చు. కొట్టం ఎవడైనా అద్దెకు తీసుకోవచ్చు. గొంతు పుట్టుకతో వస్తుంది. అరచెయ్యిని మాత్రం సంపాదించుకోవాలి. ఆల్వార్ దాన్ని సగం జీవితం పెట్టి సంపాదించుకున్నాడు.

ఆ వైపు ఊళ్ళలో ఎవరైనా పోయి ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తే, సామానంతా పెరట్లో పరిచి ఒక శనివారం వేలం వేస్తారు. జనం మడత కుర్చీలు, ఫ్లాస్కుల్లో కాఫీ తెచ్చుకుంటారు. కొనేవాళ్ళు పదిమందైతే, ఎవరు ఎంతకి పాడారో చూసి ఇంటికెళ్ళి చెప్పుకునేవాళ్ళు నలభైమంది. వేలంలో కొన్నది కొన్నట్టే. ఇంటికెళ్ళాక కాలు ఊడినా, అద్దం పగిలినా అడగడానికి లేదు. అది రాసుకున్న నియమం. ఆల్వార్ వేలంలో రాయని నియమం ఇంకొకటి ఉండేది. తను స్వయంగా తిప్పి, తట్టి, పరీక్షించి చూసిన వస్తువైతే, సుత్తి కొట్టే ముందు దాని మీద అరచెయ్యి ఆనించేవాడు. నోటితో ఒక్క మాట అనేవాడు కాదు. చెయ్యి పడిందంటే పూచీ ఆల్వార్‌ది. తేడా వస్తే వెనక్కి తెచ్చెయ్, మారుమాట లేకుండా తీసుకుంటాడు. చెయ్యి పడలేదంటే నీ కళ్ళు, నీ అదృష్టం.

చెయ్యి పడిన సామానుకి పాట పెరుగుతుందని అతనికి తెలుసు. అందుకే పిసినారిలా వాడేవాడు. రోజంతా అమ్మినదాంట్లో ఏడెనిమిది వస్తువుల మీదకంటే ఎక్కువ పడేది కాదు. ఎక్కువ వాడిన నాణెం అరుగుతుందని వ్యాపారికి ఒకరు చెప్పక్కర్లేదు.

తర్వాత పెరళ్ళు పల్చబడ్డాయి. జనం శనివారాలు ఇంట్లోనే ఉండి తెరలు చూసుకోవడం మొదలుపెట్టారు. అలాంటి ఒక వసంతంలో స్టాక్‌హోమ్ నుంచి టూవ అనే అమ్మాయి వచ్చింది. ఆమె కంపెనీ తెర మీద పగలూ రాత్రీ వేలాలు నడుపుతుంది. వేలం వేసేవాడు మనిషి కాదు, మనిషిని చూసి నేర్చుకున్న యంత్రం. వాళ్ళు ఆల్వార్‌ని కొన్ని రోజులు దీపాల మధ్య నిలబెట్టి అన్ని వైపుల నుంచీ చిత్రించారు. పాత వేలాల్లో జనం ఫోన్లలో తీసుకున్న వీడియోలన్నీ పోగుచేసి యంత్రానికి తినిపించారు. వేసవి వచ్చేసరికి తెర మీద ఇంకో ఆల్వార్ తయారయ్యాడు. అదే టోపీ, అదే దగ్గు, ధర ఆగిపోయినప్పుడు ఆకాశం వైపు చూసే అదే చూపు.

అసలు ఆల్వార్‌కి మిగిలిన పని ఇళ్ళు ఖాళీ చేసి సామాను కొట్టానికి చేర్చడం. ఫొటోలు తీసి, అమ్మినవి కట్టి పంపడం యోర్దిస్ పని. ఆమె అతని దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి, నోరు కాస్త పదును. సామాను ఎత్తి జనానికి చూపించే బిర్యెర్‌కి ఇక ఎత్తి చూపించడానికి జనం లేరు. ఒక కేకు కోసి, చెయ్యి కలిపి, అతన్ని పంపేశారు.

"నీ తమ్ముడు నీకంటే నయం," అనేది యోర్దిస్ తెర వైపు చూస్తూ. "భోజనానికి లేవడు."

"జీతం కూడా అడగడు," అనేవాడు ఆల్వార్.

తమ్ముడు కథలు కూడా చెప్పేవాడు. కొనడానికి కాక ఊరికే చూడటానికి వచ్చేవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళు పోకుండా ఉండాలంటే పాటకీ పాటకీ మధ్య ఏదో ఒకటి చెప్పాలి. ఒకరోజు తమ్ముడు ఒక గోడ గడియారం చూపించి, మా నాయనమ్మ చనిపోతూ నన్ను దగ్గరికి పిలిచి ఇలాంటి గడియారమే నా చేతిలో పెట్టింది అని గొంతు జీరపోయేలా చెప్పాడు. మర్నాడు కిరాణా దుకాణంలో డబ్బు తీసుకునే ఆవిడ ఆల్వార్ చెయ్యి పట్టుకుని, "మీ నాయనమ్మ కథ విని ఏడ్చాను," అంది. ఆల్వార్ పుట్టేసరికే వాళ్ళ నాయనమ్మ లేదు. "థాంక్స్," అన్నాడు. అబద్ధం తను చెప్పలేదు కదా, ఊరుకున్నాడు అంతే. ఊరుకోవడానికి కూడా ఒక ధర ఉంటుందని, అది చివర్లో ఒక్కసారిగా అడుగుతారని, అప్పటికి లెక్క వేసుకోలేదు.

చెయ్యి సంగతి ముందు పట్టుకున్నది యోర్దిస్.

"నీ తమ్ముడు అన్నింటి మీదా చెయ్యి వేస్తున్నాడు," అంది, అట్టపెట్టెకి టేపు అంటిస్తూ.

"వెయ్యనీ. వాడి చేతికి మట్టి అంటుకోదుగా."

"నీ చేతికి అంటుకుంటుంది."

"కొనేవాళ్ళలో ముప్పాతిక మంది ఎక్కడో దూరంగా మాల్మోలోనో గోథెన్‌బర్గ్‌లోనో ఉన్నవాళ్ళు. వాళ్ళకి చెయ్యి అంటే చెయ్యే. దానర్థం వాళ్ళకేం తెలుసు?"

"మిగతా పావు వంతుకి తెలుసుగా."

ఆల్వార్ ఆమె ముందు నవ్వాడు గానీ, తర్వాత టూవకి ఫోన్ చేశాడు. టూవ ఎప్పుడూ ఒకే మెత్తని గొంతుతో మాట్లాడేది.

"చెయ్యి వేసినప్పుడు పాట పెరుగుతోందని అది పాత వీడియోల్లోంచే నేర్చుకుంది, ఆల్వార్. మేం చెప్పలేదు. కావాలంటే మాన్పిస్తాం. మాన్పిస్తే నీ వాటా ఎంత తగ్గుతుందో చూపించమంటావా?"

చూపించింది. ఆల్వార్ చాలాసేపు చూశాడు. మాన్పించమని అనలేదు. కొనసాగించమని కూడా అనలేదు. ఆలోచించి చెప్తానన్నాడు. అలా అన్న వ్యాపారి ఒప్పుకున్నట్టేనని అతనికే బాగా తెలుసు. ఎన్ని బేరాల్లో ఎదుటివాడి నోట ఆ మాట విని జేబులో వేసుకోలేదు?

సెప్టెంబరులో ఒక ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఒక పోత ఇనప పొయ్యి దొరికింది. ముందు వైపు ఎల్క్ అనే పెద్ద కొమ్ముల దుప్పి బొమ్మ, నాలుగు సింహపు కాళ్ళు, చూడటానికి రాజాలాంటి సరుకు. ఆల్వార్ దాని వెనక చెయ్యి పెట్టి, గోరుతో గీకి చూశాడు. పొగగొట్టం అతికే చోటి నుంచి కిందికి వెంట్రుకంత పగులు. ఎవరో దాని మీద పొయ్యిలకి పూసే నల్లరంగు రుద్దేశారు. ఇలాంటి పొయ్యి వేడెక్కితే పగులు నోరు తెరుస్తుంది. నిప్పు సగం ఆరాక వేడి పోకుండా గొట్టం మూత దించి పడుకుంటే వాసన లేని విషపు పొగ గదిలోకి దిగుతుంది. పడుకున్నవాడు లేవడు. పూలకుండీ పెట్టుకోవడానికి పనికొస్తుంది, ఎవరో పట్నం వాళ్ళు కొంటారు అనుకుని పక్కన పెట్టాడు. ఆ మాట యోర్దిస్‌కి చెప్పలేదు. వెనకటి రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు, సుత్తి తన చేతిలోనే ఉండేది, తనే చెయ్యి వెయ్యకుండా వదిలేసేవాడు. ఇప్పుడు అతన్ని ఏదీ అడిగేవాళ్ళు లేరు. అడగనిది చెప్పే అలవాటు ఏ వ్యాపారికీ ఉండదు.

యోర్దిస్ మిగతావాటితో పాటు దాన్నీ ఫొటో తీసింది. అక్టోబరులో ఒకరోజు ఆల్వార్ వేరే ఊళ్ళో ఇల్లు చూడటానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి పొయ్యి ఉన్న చోట నేల మీద నాలుగు సింహపు కాళ్ళ గుర్తులున్నాయి.

"పొయ్యి పోయిందా?"

"మంచి ధరకే. హెల్గె కొన్నాడు. ఇవాళే ట్రాలీ కట్టుకుని వచ్చి పట్టుకుపోయాడు. చెరువు దగ్గర గుడిసెకట."

ఆల్వార్ అక్కడే ఉన్న చెక్కపెట్టె మీద కూర్చున్నాడు.

హెల్గె ఓస్లుండ్ రంపపు మిల్లులో పనిచేసి రిటైరైన ముసలాయన. భార్య పోయాక ఒంటరివాడు. ఆల్వార్ ఏ పెరట్లో వేలం వేసినా మొదటి వరసలో మడత కుర్చీ హెల్గెది. చెయ్యి పడని వస్తువుకి అతను ఏనాడూ పాడలేదు. అక్టోబరు రాగానే చెరువు గట్టున తన ఒంటిగది గుడిసెకి చేరి, వలలు వేసి సీక్ చేపలు పట్టుకుంటూ, మంచు గట్టిపడేదాకా అక్కడే పడుకుంటాడు.

"ఏమైంది?" అంది యోర్దిస్. అతను చెప్పాడు. ఆమె చేతిలో టేపు పక్కన పెట్టింది. "తమ్ముడు దాని మీద రెండు చేతులూ వేశాడు," అంది నెమ్మదిగా.

టూవకి ఫోన్ చేస్తే, అమ్మకం రద్దు చెయ్యాలంటే కొన్నవాడు ఫిర్యాదు చెయ్యాలంది. హెచ్చరిక కావాలంటే ఇప్పటికే వెళ్ళిందట. పొయ్యి వెలిగించే ముందు పొగగొట్టాలు చూసేవాడిని పిలిపించుకోండి అని, పొయ్యి కొన్న ప్రతివాడికీ వెళ్ళే మాటే.

"మరి పూచీ ఎవరిది?" అన్నాడు ఆల్వార్.

"ఒప్పందం ప్రకారం సరుకు తెచ్చినవాడిది. అంటే నీది."

"నేను చెయ్యి వెయ్యలేదు."

"నీ చెయ్యే కదా, ఆల్వార్. నువ్వే ఇచ్చావు మాకు."

దారి ఒకటి ఉంది. జనం అందరి ముందూ నిలబడి, తెర మీద పడుతున్న చెయ్యి నాది కాదు, అది పడిన దేన్నీ నేను పరీక్షించలేదు అని చెప్పెయ్యడం. చెబితే ఏమవుతుందో కొట్టంలో అటూ ఇటూ నడుస్తూ లెక్క వేశాడు. వేసవి నుంచి అమ్మిన నిచ్చెనలు, పసిపిల్లల ఉయ్యాలలు, వేట సామాన్లు, విద్యుత్ హీటర్లు అన్నీ వరస కట్టి వెనక్కి వస్తాయి. కొట్టం పోతుంది, లారీ పోతుంది. అందుకని చిన్న దారి ఎంచుకున్నాడు. హెల్గెకి ఒక్కడికే చెప్తే సరిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి హెల్గె గుడిసెలో మోకాళ్ళ మీద కూర్చుని కొత్త పొగగొట్టం అమరుస్తున్నాడు. పొయ్యికి మళ్ళీ దళసరిగా నల్లరంగు పూశాడు. బూటులా మెరుస్తోంది. చెరువు అంచున పల్చగా మంచు పట్టింది.

"ఏమయ్యా ఆల్వార్, తెరలోంచి దిగొచ్చావా? కాఫీ తాగుతావా?"

"పొయ్యి వెలిగించావా?"

"సాయంత్రం వెలిగిస్తా. ముందు వలలు తీసుకురావాలి."

ఆల్వార్ నిలబడే చెప్పాడు. పొయ్యి వెనక పగులుందని, తెర మీద చెయ్యి వేసింది తను కాదని, యంత్రమని, అది వస్తువుని చూడదని, పాట పెరుగుతుందని వేస్తుందని.

హెల్గె కాసేపు విని, మీసం తుడుచుకుని నవ్వాడు. "యంత్రమని నాకు తెలుసులే. అంత అమాయకుణ్ణి కాదు. కానీ దానికి చెప్పేది నువ్వే కదా?"

"నేనేం చెప్పను. నన్నెవరూ అడగరు."

"ఉండు, అడుగుదాం." హెల్గె కిటికీ గట్టు మీంచి తెర పలక తీశాడు. రోజూ కబుర్లు చెప్పుకుంటాడేమో, వేళ్ళు చకచకా కదిలాయి. తెర మీద ఆల్వార్ ఒక ఇత్తడి దీపం అమ్ముతూ ఆగి, టోపీ సర్దుకుని, నేరుగా వాళ్ళ వైపు చూశాడు.

"హెల్గె, నా మిత్రమా. ఆ ఎల్క్ పొయ్యి గురించా? దాని మీద నేను చెయ్యి వేశాను. వేసి తీసుకునే చెయ్యి కాదు నాది. ఈ చలికాలం వెచ్చగా ఉండు."

గుడిసెలో ఉన్న ఆల్వార్ ఆ మాట గుర్తుపట్టాడు. ఆ మాట అతనిదే. చాలా ఏళ్ళ కిందట ఒక పెరట్లో, ఒక కుట్టు మిషను గురించి, నిజంగా అన్న మాట.

"విన్నావా?" అన్నాడు హెల్గె.

"పగులు చూపిస్తాను, ఇలా రా." ఆల్వార్ పొయ్యి వెనకకి వంగి గోరుతో గీశాడు. కొత్త రంగు మైనంలా గోటికి అంటుకుంది, గీత దొరకలేదు. హెల్గె తన మొద్దుబారిన బొటనవేలితో తడిమి చూశాడు. "ఏం లేదే. నా కళ్ళు సరిగా లేకపోయినా వేళ్ళు బాగానే ఉన్నాయి."

"పొగ పసిగట్టే అలారం ఉందా మరి?"

"చేపలు వేయించినప్పుడల్లా కేకలు పెడుతోందని బ్యాటరీ పీకేశాను."

అప్పుడు ఆల్వార్ తన జన్మలోకెల్లా పెద్ద తప్పు చేశాడు. వ్యాపారి కాబట్టే చేసిన తప్పు. మాట పనిచెయ్యనప్పుడు ధర పనిచేస్తుందనుకున్నాడు.

"నువ్వు ఇచ్చిన డబ్బుకి రెట్టింపు ఇస్తాను. ఇప్పుడే పట్టుకుపోతాను."

హెల్గె చేతిలో పనిముట్టు ఆగింది. కళ్ళలో ఏదో వెలిగింది, పెరళ్ళలో మొదటి వరసలో కూర్చున్నప్పుడు వెలిగేది.

"రెట్టింపా?"

"మూడింతలు."

"ఆహా," అన్నాడు హెల్గె. లేచి, కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకున్నాడు. "ఇప్పుడర్థమైంది. స్టాక్‌హోమ్‌లో ఎవడో ఈ పొయ్యికి పెద్ద ధర చెప్పాడు. నువ్వు పొరపాటున నాకు అమ్మేశావు."

"హెల్గె, అది కాదు."

"మా అత్తగారి బీరువా కొన్నప్పుడూ ఇలాగే చేశావు. కాలు పుచ్చిందన్నావు, తాళం పాడైందన్నావు, వెనక చెక్క పురుగు తినేసిందన్నావు. ఆ బీరువా నువ్వు ఎంతకి అమ్మావో ఊరంతా చెప్పుకున్నారు. నువ్వు అమ్మేటప్పుడు చెప్పే మాటా, వేసే చెయ్యీ నేను నమ్ముతాను. కొనేటప్పుడు చెప్పే మాట నమ్మేంత వెర్రివాణ్ణి కాదు."

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. ఆల్వార్ ఆ సామెత మీదే బతికినవాడు. ఇవాళ అదే అడ్డం తిరిగింది. ఒట్టు వేద్దామంటే వెయ్యడానికి అతని దగ్గర ఉన్నది ఒక చెయ్యే. ఆ చెయ్యి అప్పటికే తెర మీద ఇత్తడి దీపం మీద ఉంది.

హెల్గె తోలు చొక్కా తొడుక్కుని, బకెట్టు పట్టుకుని, వలలు తీయడానికి పడవ దగ్గరికి నడిచాడు. "కాఫీ గ్యాస్ స్టవ్ మీద ఉంది. వెళ్ళేటప్పుడు తలుపు వేసెయ్," అన్నాడు, కోపం లేకుండానే. బేరంలో గెలిచినవాడికి కోపం ఉండదు.

ఆల్వార్ లారీ దాకా వెళ్ళి తలుపు తీశాడు. మళ్ళీ మూశాడు. పగులు ఇవాళే నోరు తెరవచ్చు. చలికాలమంతా ఓర్చుకోనూవచ్చు. ఇలాంటి అవకాశాల మీదే తను ఎప్పుడూ డబ్బు పెట్టేవాడు, చాలాసార్లు గెలిచాడు కూడా. పొగగొట్టాలు చూసేవాడిని పిలిస్తే వచ్చే వారం వస్తాడు. హెల్గె కూతురు దూరంగా ఊమియోలో ఉంది, ఆమె చెప్పినా తండ్రి వినడు. పడవ చెరువు మధ్యకి చేరింది. ముసలాయన వంగి వల లాగుతున్నాడు. సాయంత్రానికి తడిసి, చలితో వణుకుతూ వస్తాడు. రాగానే చేసే మొదటి పని పొయ్యి వెలిగించడం.

కట్టెల మొద్దుకి ఆనించి సమ్మెట ఉంది. ఆల్వార్ దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళాడు.

మొదటి దెబ్బకి ఎల్క్ బొమ్మ తల రాలింది. రెండో దెబ్బకి వెనక పలక మూడు ముక్కలైంది. ఆ చప్పుడు నీటి మీదుగా వెళ్ళింది. హెల్గె పడవ తిప్పుకుని తెడ్డు గట్టిగా వేస్తూ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. బకెట్టులో చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"అమ్మనంటే పగలగొడతావన్నమాట," అన్నాడు.

"నువ్వు రేపు లేచేవాడివి కాదు, హెల్గె."

"ఆ పగులేదీ? చూపించు."

ఆల్వార్ ముక్కలు తిప్పి చూశాడు. ఒక్కో ముక్కకీ నాలుగు వైపులా పగుళ్ళే. పాతది ఏది, తను చేసింది ఏది, ఏ నిపుణుడూ చెప్పలేడు. ఉన్న ఒక్క సాక్ష్యాన్ని తన చేత్తోనే పొడి చేశాడు.

"వెళ్ళిపో," అన్నాడు హెల్గె. గొంతు పెంచలేదు.

తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలిగిందే. హెల్గె పోలీసులకి ఫిర్యాదు చేశాడు. ఆల్వార్ ఒప్పుకున్నాడు, జరిమానా పడింది. ధర కుదరక ముసలాయన ఇంట్లో దూరి పొయ్యి పగలగొట్టాడని ఊరు చెప్పుకుంది. అతను ఇక చిన్న దారులు వదిలేసి, పెద్ద దారిలోనే అందరికీ నిజం చెప్పాడు. చెయ్యి నాది కాదు, కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చివ్వండి అని కొట్టం తలుపు మీద బోర్డు పెట్టాడు. పొయ్యి పగలగొట్టినవాడి బోర్డు ఎవరు నమ్ముతారు? వెనక్కి వచ్చినవి రెండు నిచ్చెనలు, ఒక ఉయ్యాల. మిగతావి ఎవరెవరి ఇళ్ళలోనో, ఎవరెవరి పిల్లల కిందో, అతని పూచీ మీదే ఉన్నాయి. ఏది ఎక్కడ ఉందో కంపెనీకి తెలుసు. అతనికి చెప్పరు, కొన్నవాళ్ళ వివరాలు గోప్యమట.

ఒప్పందం తెంచుకుంటానని టూవకి చెప్పాడు. తెంచుకోవచ్చంది. గడువు ముగిసేదాకా అప్పటికే నేర్చుకున్నది మాత్రం వాళ్ళ దగ్గరే ఉంటుందంది.

ఆ వారం తెర మీద ఆల్వార్ టోపీ తీసి చేతిలో పట్టుకుని క్షమాపణ చెప్పాడు. "ఒక పాత మిత్రుడి ఇంట్లో నేను చెయ్యకూడని పని చేశాను," అన్నాడు, కళ్ళు తడిగా. "ఆ రోజు నేను నేనుగా లేను. నన్ను మళ్ళీ నమ్మండి." చూసేవాళ్ళు అంతకుముందు ఎన్నడూ లేనంతమంది చేరారు. క్షమాపణ అవగానే, వేరెవరో తెచ్చిన, పసిపిల్లల గదిలో పెట్టే హీటరు ఒకటి బయటికి తీసి, దాని మీద నెమ్మదిగా అరచెయ్యి ఆనించాడు. పాట ఎగబాకింది.

"నీకంటే బాగా చెప్పాడు," అంది యోర్దిస్. ఆమె గొంతులో ఎగతాళి లేదు. వాటా ఆగిపోయి లారీ అమ్మేసి, అద్దె కట్టలేక వదిలేస్తున్న ఖాళీ కొట్టంలో ఇద్దరూ అట్టపెట్టెలు మడుస్తున్నారు. "నేనైతే పగులు ఉందనే నమ్ముతున్నా. నా మాట ఎవరికీ అక్కర్లేదనుకో."

హెల్గె యూస్‌డాల్ దుకాణంలో కొత్త పొయ్యి కొనుక్కున్నాడు, పూచీ కాగితంతో సహా. మంచు గట్టిపడేదాకా చేపలు పట్టాడు. కిరాణా దుకాణంలో ఎదురైతే తల తిప్పుకుని గుడ్ల అరల వైపు చూస్తాడు.

పోయినవాటి వైపు ఆల్వార్ లెక్క పొడుగ్గానే ఉంది: కొట్టం, లారీ, పేరు, కుడి చెయ్యి. వచ్చినవాటి వైపు చూపించగలిగింది ఒక్కటే. తనతో మాట్లాడని ఒక ముసలాయన, ప్రాణాలతో.